సంచిలో శ్రుతి

ఆవిడ కుదురుగా కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా కంచం ఎడమచేత్తో పట్టుకుని వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింటికి తిరుగుతూ తినేవారు. మొన్న ఆదివారం పొద్దున్న ఆవిడ చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మ తెల్లారుజామున చనిపోయిందండీ" అంది. నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడ మొహం కాదు, బూట్లు.

నేత చీర కింద మగవాళ్ల తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఒక లేసు ఎప్పుడూ ఊడిపోయి వెనక ఈడ్చుకుంటూ ఉండేది. భుజాన గుడ్డసంచి, సంచిలో శ్రుతిపెట్టె. అది ఇంట్లో బల్ల మీద పెట్టుకునే వస్తువని లోకమంతా అనుకుంటుంది. ఆవిడ మాత్రం బ్యాటరీలు వేసి, స్విచ్చి నొక్కి, సంచిలో పడేసుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిచేవారు. పక్కన నడిచే జనం తమ ఫోన్లు తీసి చూసుకునేవాళ్లు, ఎవరిదో మోగుతోందని.

ఆవిడ పరిచయమయ్యేనాటికి నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. పాటంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. కానీ ఏ పాటనూ చివరిదాకా పాడిన పాపాన పోలేదు. మొదటి రెండు లైన్లూ బ్రహ్మాండంగా ఎత్తుకుంటాను. ఆ తర్వాత ఒంట్లో ఏదో గాభరా మొదలవుతుంది. నీళ్లు తాగాలనిపిస్తుంది, కిటికీ వెయ్యాలనిపిస్తుంది, ఎవరో పిలిచినట్టు ఉంటుంది. లేచిపోతాను. షటిల్ ఆట, కుట్టు మిషను, ఫ్రెంచి క్లాసు, అన్నీ అదే బాపతు. మా బాపు బాటసింగారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర వేలం పాట పాడతాడు. "మా ఇంట్ల పాడెటోళ్లం ఇద్దరం. నాది పూరా అయితది, నీది కాదు" అని పొద్దున చాయ్ తాగుతూ వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. నవ్వేదాన్ని గాని లోపల మండేది. నాకు ఇరవై దాటాయి, ఒక్క పాట కూడా నాది కాలేదు.

ఆ మంటతోనే ఒకరోజు సంగీతం డిపార్ట్‌మెంటుకి వెళ్లాను. వేరే సబ్జెక్టు వాళ్లకి పాట నేర్పుతారా అని అడిగాను.

"నీ గ్రూపేంది?" అన్నాడు ఆఫీసులో ఆయన.

"కెమిస్ట్రీ సార్."

"మరి గీడికెందుకొచ్చినవమ్మా? మీ ల్యాబు గా దిక్కుంది" అని చెయ్యి చూపించాడు. ఆయన తప్పేం లేదు, అక్కడ సీటు వచ్చినవాళ్లకే చెప్తారు.

వరండాలో ఒకావిడ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోంది. అక్కడ వారానికి కొన్ని క్లాసులు చెప్పడానికి వచ్చే టీచరట. నన్ను దాటి వెళ్లిపోయి, వెనక్కి వచ్చి, "ఏవే అమ్మాయ్, ఏదీ, ఒక సా పాడు" అంది. పాడాను. ఆవిడ నడక ఆగలేదు గాని మెడ మాత్రం నా వైపు తిరిగే ఉంది.

"ఎక్కణ్ణుంచి తెచ్చావే ఈ గొంతు?"

"మా బాపు పండ్ల మార్కెట్ల వేలం పాడ్తడు మేడం."

"ఏం పళ్లు?"

"బత్తాయిలు."

ఆ రోజు నుంచి నా పేరు బత్తాయి. అసలు పేరు ఆవిడ అడిగినట్టు నాకు గుర్తులేదు.

నా జబ్బు కూడా అక్కడే చెప్పుకున్నాను. "నాకు పాట చివరిదాంక పాడొస్తలేదు మేడం. మధ్యల ఇడిశిపెడ్త." ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "అందరూ మొదలు రాదని వస్తారే. నువ్వు చివర రాదని వచ్చావు. సరే, ఒక్క కీర్తన నీ చేత పూర్తిగా పాడించి వదిలేస్తాను. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో." మా ఒప్పందం అది.

ఆవిడ కిరాయికి ఉండే ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో. పై అంతస్తుల్లో హాస్టలు. ఉద్యోగ పరీక్షలకి చదువుకునే పిల్లలు మంచానికి మంచం ఆనించి ఉంటారు. మొదటి పాఠం నాడు నేను ఇంకా నోరు తెరిచానో లేదో, ఓనరు గుమ్మంలోకొచ్చాడు. ముందే ఒకటి రెండుసార్లు చెప్పినట్టున్నాడు, మొహంలో విసుగు కనిపిస్తోంది.

"అమ్మా, నేను మంచిగనే చెప్తున్న. పైన పోరగాండ్లు గ్రూప్స్‌కి చదువుతున్రు. మీ సరిగమలకు వాళ్లకు రాజ్యాంగం బుర్రకెక్కుతలేదంట. పాటనన్న బంద్ జెయ్యుండ్రి, లేదంటే ఇల్లన్న సూస్కోండ్రి."

"పాపం, వాళ్లకీ ఉద్యోగాలు రావాలి కదండీ" అన్నారావిడ. నిజంగానే అన్నారు, వెటకారం లేదు. శ్రుతిపెట్టె సంచిలో పెట్టుకుని బూట్లు తొడుక్కున్నారు. "పద."

"యాడికి మేడం?"

"రోడ్డు మీదికి. అక్కడ ఎవడూ చదువుకోడు."

అప్పటి నుంచి మా క్లాసురూము మెట్రో కిందే. సాయంత్రం ల్యాబు అయ్యాక నేను వచ్చేసరికి ఆవిడ ఫుట్‌పాత్ మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ ఉండేవారు. ఆవిడ పద్ధతి ఇది. ముందు సంచి నా చెవి దగ్గర పెట్టి సా వినిపిస్తారు. నేను సా పట్టుకోగానే సంచితో సహా గబగబా ముందుకెళ్లిపోతారు. మెట్రో స్తంభాలు రోడ్డు మధ్యలో వరసగా ఉంటాయి కదా. తర్వాతి స్తంభానికి ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఆగి నాకోసం చూస్తుంటారు. నేను ఆ బస్సుల మధ్య, హారన్ల మధ్య, చెప్పుల బేరాల మధ్య, శ్రుతి వినపడకుండానే పాడుకుంటూ ఆవిణ్ణి చేరాలి. చేరాక మళ్లీ చెవి దగ్గర సంచి. నా సా, సంచిలో సా ఒకటైతే "కలిసిందే" అనేవారు. కాకపోతే "పారిపోయావే బత్తాయీ, మళ్లీ రా" అని వెనకటి స్తంభం దాకా తరిమేవారు.

మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాను. మొహానికి చున్నీ చుట్టుకుని పాడేదాన్ని. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ రోడ్డు మీద ఎవరికీ ఎవరి గోలా పట్టదు. ఫోన్‌లో పెళ్లాంతో పోట్లాడే వాళ్లు, పరీక్ష ప్రశ్నలు పైకి వల్లె వేసుకుంటూ నడిచే కుర్రాళ్లు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. పల్లవి వచ్చింది. అనుపల్లవి వచ్చింది. అది శంకరాభరణంలో చిన్న కీర్తన, పిల్లలు కూడా పాడేస్తారు. చరణం పాడి, మళ్లీ పల్లవికి వచ్చి ముగించాలి. చరణం సగంలోకి రాగానే నాకు సోడాబండి కనిపించేది, దాహం వేసేది.

"అదుగో, మళ్లీ దాహం" అనేవారావిడ. "వెళ్లడం వచ్చిందే నీకు. తిరిగి రావడమే రాలేదు."

ఒకసారి హఠాత్తుగా వాన పడితే మెట్రో స్టేషన్‌లోకి దూరాం. సంచి తనిఖీ మిషన్లో పెట్టమంటే పెట్టారు గాని స్విచ్చి ఆపడం మర్చిపోయారు. సెక్యూరిటీ ఆమె కంగారుపడిపోయింది. "అమ్మా, ఏందిది లోపల జుమ్మంటుంది?"

ఈవిడ తాపీగా సంచి తీసి ఆమె చెవికి ఆనించారు. "ఇది కూడా నీ మిషను లాంటిదేనమ్మా. ఎవరు తప్పు చేసినా పట్టేస్తుంది. ఈ పిల్ల రోజూ దొరికిపోతోంది."

ఆమె కాసేపు వింది. "మంచిగుంది గని జర బంద్ జెయ్యమ్మా, మా సారు చూస్తే పరేషాన్ అయితడు" అంది. తర్వాత మమ్మల్ని ఎప్పుడు చూసినా చెవి మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది.

బాపు మమ్మల్ని రోడ్డు మీద పట్టుకున్న రోజు ఇంకో కథ. కొత్తపేట దగ్గర ట్రాలీ ఆటోలోంచి నన్ను చూసి దిగాడు. కూతురు ఫుట్‌పాత్ మీద నోరు తెరుచుకుని నడుస్తుంటే ఏ తండ్రి ఊరుకుంటాడు!

"ఏందమ్మా ఇది? సదువుకునే పిల్లను గిట్ల రోడ్డు మీద పాడిపిస్తే ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు?"

"మీరు మార్కెట్లో పాడితే ఎవరేమనుకుంటున్నారండీ?" అన్నారావిడ.

"అది నా పని."

"ఇది దాని పని. ఏదీ, మీ పాట ఒక్కసారి వినిపించండి."

బాపు ఇటు చూశాడు, అటు చూశాడు. నేను తల దించుకున్నాను. తర్వాత ఏం పుట్టిందో, గొంతు సవరించుకుని ఎవరో రైతు తెచ్చిన బత్తాయి కుప్ప ఎదురుగా ఉన్నట్టే నిలువునా వేలం వేసేశాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చివరి మాట దగ్గర చెయ్యి కిందికి దించాడు. ఎదురుగా చెరకురసం బండి ఆయన చప్పట్లు కొట్టాడు. ఆవిడ మాత్రం నడక ఆపి, నిజంగా ఆపి, విన్నారు.

"మూడోసారి అనకుండా ఇంటికొచ్చేస్తే ఏమవుతుందండీ?"

"అట్లెట్లొస్తమమ్మా? కుప్ప ఎవలది గాకుంట పోతది గద."

"విన్నావుటే బత్తాయీ?" అన్నారావిడ, నా వైపు తిరిగి. బాపు ఆ రోజు నుంచి ఆవిడ జట్టు. వారం వారం నా చేతికి బత్తాయిల సంచి ఇచ్చి, "మీ నడిశే మేడంకు" అని పంపేవాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మా పాఠం అయిపోయేది. అక్కడ విజయవాడ వైపు బస్సుల వాళ్లు "సూర్యాపేట, కోదాడ" అని గొంతులు చించుకుంటుంటారు. ఆవిడది గోదావరి వైపు. బస్సులకేసి కాసేపు చూసి వెనక్కి తిరిగేవారు. "ఎక్కి పోయి రారాదుండ్రి మేడం, ఒకసారి" అన్నాను ఒకరోజు.

"ఎక్కితే కూర్చోవాలి కదే."

"కూసుంటె ఏమైతది?"

"కూర్చుంటే అన్నీ గుర్తొస్తాయి." ఆవిడ తన గురించి నాకు చెప్పింది అంతే. నేనూ తవ్వలేదు. కుదురులేని వాళ్లకి కుదురులేని వాళ్ల సంగతి అడగకుండానే కొంత తెలుస్తుంది.

రెండో సంవత్సరం యూనివర్సిటీలో పాటల పోటీ పెట్టారు. ఎవరైనా పాడొచ్చన్నారు. నేనే పేరిచ్చాను, ఆవిణ్ణి అడగకుండా. ఆవిడ వద్దనలేదు, "పూర్తి చేస్తావా?" అని మాత్రం అన్నారు. సంగీతం పిల్లలు పట్టుచీరల్లో వచ్చి, తివాచీ మీద మఠం వేసుకుని, కళ్లు మూసుకుని పాడి వెళ్లిపోయారు. నా వంతు వచ్చింది. కూర్చున్నాను. మైకు. ఏసీ చప్పుడు కూడా లేని నిశ్శబ్దం.

నేను అంత నిశ్శబ్దంలో ఎప్పుడూ పాడలేదు. నా గొంతు నాకే పరాయివాళ్ల గొంతులా వినిపించింది. పల్లవి వణికింది, ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. అంతలో హాలు వెనక నుంచి కిర్రు, కిర్రు. నున్నటి నేల మీద కాన్వాసు బూట్ల చప్పుడు. ఆవిడ లేచి గోడవారగా నడుస్తున్నారు. ఈ మూల నుంచి ఆ మూలకి, మా రోడ్డు మీది వేగంతోనే. నా ఊపిరి దానంతటదే సర్దుకుంది. పల్లవి మళ్లీ ఎత్తుకున్నాను. అనుపల్లవి నా జన్మలో అంత బాగా పాడలేదు. చరణంలోకి వెళ్లాను.

న్యాయనిర్ణేత ఒకాయన వెనక్కి తిరిగి, చాలా మర్యాదగానే, "అమ్మా, దయచేసి కూర్చోండి. పిల్లలకి ఇబ్బంది" అన్నారు.

ఆవిడ కూర్చున్నారు. బూట్ల చప్పుడు ఆగింది. రెండో లైనులో నా పాటా ఆగింది. నమస్కారం పెట్టి దిగిపోయాను.

బయట చెట్టు కింద ఏడుస్తుంటే ఆవిడ వచ్చి నా చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. తిడతారనుకున్నాను. "తప్పు నాదేనే" అన్నారు. "నిన్ను రోడ్డు మీద పెంచాను. నాకు కూర్చోవడం రాదు గనక నీకూ నేర్పలేదు. ఇలా నేర్పకూడదే, నేను చూసుకోవాల్సింది." అంత గట్టి మనిషి గొంతులో ఆ బెరుకు విని నా ఏడుపు ఆగిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

తర్వాత ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే కూర్చుని నేర్చుకుందామని ప్రయత్నించాం. అమ్మ చాప పరిచింది, బాపు టీవీ ఆపేశాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ మోకాలు ఊగుతోంది, నా మోకాలు ఊగుతోంది. కాసేపటికి ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వాం. "పద, బూట్లు ఏవీ?" అన్నారావిడ. మళ్లీ రోడ్డే.

నాకు నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు. పాఠం వారానికొకటైంది, తర్వాత నెలకొకటి. ఆవిడ మాత్రం కలిసినప్పుడల్లా అదే అడిగేవారు: "ఒప్పందం గుర్తుందా?" ఈ ఏడు వానాకాలంలో సందులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆవిడ చెల్లెలి కూతురు రాజమండ్రి నుంచి వచ్చి కనిపెట్టుకుని ఉంది. ఆపరేషనయి ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. బూట్లు మంచం కింద ఉన్నాయి. నేను అటు చూడలేకపోయాను.

"నా బదులు నువ్వు నడు" అన్నారు. "నడుస్తూ పాడు. మెల్లిగానే పాడు, పైన పిల్లలున్నారు."

ఆ చిన్న గదిలో మంచానికీ గోడకీ మధ్య నడుస్తూ పాడాను. ఆవిడ కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తున్నారు. చరణం దాకా వచ్చాను. ఆ రోజు నాకు దాహం వెయ్యలేదు, నిజం, పూర్తిచేసేదాన్నే. తలుపు చప్పుడైంది. ఓనరు. "అమ్మా, బాగలేదని ఊకున్న, గని పైనుంచి పోరగాండ్లు ఫోన్ జేస్తున్రు." ఆవిడ సరే సరే అని చెయ్యి ఊపారు. అతను వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నారు. "మిగిలింది ఈసారి వచ్చినప్పుడు పాడుదువుగాని. నేనెక్కడికీ పోనులే, కాలు లేదుగా." నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ 'ఈసారి' మొన్న ఆదివారం వచ్చింది. బాపు, నేనూ వెళ్లేసరికి సందు మొదట్లో టెంటు వేసి ఉంది. కిరాయి ఇళ్లలో శవాన్ని లోపల ఉంచనివ్వరు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. ముందురోజు రాత్రి ఒంట్లో బాగోక దవాఖానకి తీసుకెళ్లారట, అక్కణ్ణుంచి నేరుగా తెచ్చి రోడ్డు మీదే పెట్టారు. పాటని పంపించిన ఇల్లే మనిషినీ పంపించింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఓనరు లుంగీతోనే నిలబడి, ఎండ పడకుండా టెంటు తాడు తనే లాగి కడుతున్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆవిడ అద్దాల ఐసు పెట్టెలో ఉన్నారు. నిశ్చలంగా. అంత కదలకుండా ఆవిణ్ణి చూడటం నా వల్ల కాలేదు. టెంటు చివరికి వెళ్లాను, తిరిగొచ్చాను, మళ్లీ వెళ్లాను. చెల్లెలి కూతురు ఏడుస్తూనే, "కాసేపు కూర్చోండక్కా" అని ప్లాస్టిక్ కుర్చీ పెట్టె పక్కకి జరిపింది. కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది. పెట్టె అడుగున మోటారు. సన్నగా, విడవకుండా, ఒకటే స్వరం మీద మోగుతోంది. చెవి దగ్గర సంచి పెట్టినట్టే ఉంది. నా శ్రుతికంటే కాస్త కింద. ఆ సా నేను పట్టుకున్నానని, నోట్లోంచి వచ్చేదాకా నాకు తెలియలేదు.

జనం తిరిగి చూశారు. బాపు కుర్చీ అంచుకి జరిగి నేల చూస్తున్నాడు. నేను పల్లవి ఎత్తుకోలేదు, అది ఆవిడ విన్నదే. ఆగిన చోటు నుంచి ఎత్తుకున్నాను. చరణం సగంలో మెయిన్ రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టాయి, పైన మెట్రో వెళ్లింది, మోటారు వినపడలేదు. నాకు పాత గాభరా మొదలైంది. లేవాలనిపించింది. లేవలేదు. రెండు పాదాలూ నేలకి ఆనించి ఉంచాను. హాస్టలు కిటికీలు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి. చరణం అయింది. పల్లవికి తిరిగి వచ్చాను. మెల్లిగా, తొందరపడకుండా, చివరి సా మీద నిలబడ్డాను.

అప్పటికి బస్సులు వెళ్లిపోయాయి. పెట్టె మోగుతూనే ఉంది. చెవి పెట్టె దగ్గరికి వంచి విన్నాను. "కలిసిందే" అని అనడానికి ఎవరూ లేరు. నేనే విన్నాను, కలిసింది.

బాపు తల ఎత్తాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అయిపాయెనా బిడ్డా? పూరా?"

"అయిపోయింది బాపు" అన్నాను.